పాత సర్ఫ్‌బోర్డు చూడ్డానికి వెళ్తున్నాను: పసుపెక్కిన డెక్, నడుమ కొత్త పెయింట్ పట్టీ

తొలికెరటం
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ అద్దెకిచ్చే ఫోమ్‌బోర్డుల మీద నేర్చుకున్నాను. నురుగులో లేచి నిలబడటం బాగా కుదిరింది, ఇంకా విరగని అలలు కూడా అప్పుడప్పుడూ అందుతున్నాయి. ఇక సొంత బోర్డు ఉండాలనిపిస్తోంది. కొత్తదానికి చెయ్యి చాలదు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతుంటే ఒకటి కంటపడింది.

పొడవు 7 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 21 అంగుళాల పైచిలుకు, మందం 2 ముప్పావు. అడుగున 47 లీటర్లు (బోర్డు ఘనపరిమాణం) అని రాసి ఉంది. తోక అడుగున మూడు ఫిన్లు (చేప రెక్కల్లాంటివి). నా బరువు 68 కిలోలు. ఫొటోల్లో డెక్, అంటే నిలబడే పైభాగం, అంతా పసుపెక్కి ఉంది, పాదాలు జారకుండా పూసే వ్యాక్స్ దట్టంగా పేరుకుని ఉంది. ముక్కు దగ్గర చిన్న మరమ్మతు. నడుమ అడ్డంగా జానెడు వెడల్పున నీలం పెయింట్ పట్టీ ఉంది, అదొక్కటే కొత్తగా మెరుస్తోంది. అందం కోసం వేయించానని అమ్మే ఆయన చెప్పారు.

నన్ను భయపెడుతున్నది ఆ పసుపు రంగు. వెళ్లి చూసేటప్పుడు ఏం చూడాలి, ఎలా చూడాలి? కాస్త వివరంగా చెప్పండి.

నీలిరెక్క
పసుపెక్కిన బోర్డు జోలికి పోకండి. పసుపు అంటే నీళ్లు తాగిందని అర్థం. తెల్లగా ఉన్నది దొరికేదాకా ఆగండి.

ఉప్పునీళ్లు
పసుపు సంగతి పక్కన పెట్టండి. నేనైతే ఆ నీలం పట్టీకి భయపడతాను. బోర్డు విరిగేది సరిగ్గా అక్కడే. వెళ్లేముందే వ్యాక్స్ మొత్తం తీసి, ఎండలో రెండువైపులా ఫొటోలు పంపమనండి. పట్టీ ఉన్నచోట అడుగువైపు కూడా దగ్గరగా తీయమనండి.

గ్లాసుపని
నీలిరెక్క గారూ, ఆ మాట పూర్తిగా నిజం కాదు. నేను బోర్డుల మరమ్మతు చేస్తాను, పసుపు బోర్డులు రోజూ చూస్తుంటాను. పాలీయురెథేన్ ఫోమ్, దాని మీద పాలియెస్టర్ రెజిన్ పూసిన బోర్డు ఎండ తగిలేకొద్దీ పసుపెక్కుతుంది. ఒడ్డున ఎండలో ఎక్కువసేపు పడి ఉంటే ఇంకా త్వరగా. ముక్కు నుంచి తోక దాకా సమంగా పసుపెక్కితే అది వయసు, అంతే. అలాంటి బోర్డులు గట్టిగా, పొడిగా ఏళ్లతరబడి పనిచేస్తాయి.

భయపడాల్సింది మచ్చలకి. ఒక పగులు చుట్టూనో, ఫిన్‌ని బిగించే ఫిన్ బాక్స్ చుట్టూనో, లీష్ (కాలికి కట్టుకునే తాడు) తగిలించే లీష్ ప్లగ్ చుట్టూనో గోధుమరంగు మరక వ్యాపించి ఉంటే అక్కడ నీళ్లు దిగాయి. తెల్లటి బోర్డులో అలాంటి మరక ఒక్కటున్నా, ఒళ్లంతా పసుపెక్కిన బోర్డు కంటే అదే ప్రమాదం.

తొలికెరటం గారూ, ఇక మీ ప్రశ్న. బోర్డు లోపల ఉండేది ఫోమ్. దాని మీద రెజిన్‌లో తడిపిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పెంకులా గట్టిపడి ఉంటుంది. ఆ పెంకు మూసి ఉన్నంతకాలం సొట్టలు ఎన్ని ఉన్నా బోర్డు బతుకుతుంది. ఎక్కడో ఒకచోట తెరుచుకుంటే నీళ్లు చేరతాయి, ఫోమ్ నానుతుంది, మెల్లగా పెంకు ఫోమ్‌ని వదిలేస్తుంది. కాబట్టి మీరు వెతకాల్సింది రెండే రెండు: పెంకు ఎక్కడైనా తెరుచుకుందా, తెరుచుకున్నచోట లోపలికి నీళ్లు వెళ్లాయా.

ముందు చంకలో పెట్టుకుని నాలుగడుగులు నడవండి. బరువు తెలుస్తుంది. అదే కొలతల బోర్డు ఇంకొకటి ఎత్తి చూసి వెళ్తే ఇంకా మంచిది, పోల్చుకోడానికి చేతికి ఒక లెక్క ఉంటుంది. ఆరడుగుల పాలీయురెథేన్ షార్ట్‌బోర్డు ఫిన్లు లేకుండా ఇంచుమించు మూడు కిలోలుంటుంది. మీరు చూసేది పొడవు, మందం ఎక్కువైనది కాబట్టి అంతకంటే బరువుండటం సహజం. కానీ ఎత్తగానే తోకవైపు చేయి లాగేస్తే అనుమానించాలి. నీళ్లు చేరిన బోర్డులు సాధారణంగా తోకవైపే బరువెక్కుతాయి, ఎందుకంటే ఫిన్ బాక్సులూ లీష్ ప్లగ్గూ అక్కడే ఉంటాయి.

తర్వాత వెలుగు. తోక నేల మీద ఆనించి, బోర్డుని వాలుగా పట్టుకుని, ముక్కు వైపు నుంచి కన్ను ఆనించి డెక్ పొడవునా చూడండి. ఎండగానీ దీపపు వెలుగుగానీ దాని మీద సాగే గీతను గమనించండి. ఆ గీత ఎక్కడైనా టక్కున వంకర తిరిగితే అక్కడ మడత ఉంది. పాదాల సొట్టల దగ్గర గీత మెత్తగా అలలా కదులుతుంది, అది మామూలే. అడ్డంగా, రైల్ (బోర్డు పక్క అంచు) నుంచి రైల్ దాకా ఒకే వరుసలో వంకర కనిపిస్తే అది వంగి దెబ్బతిన్న బోర్డు. వెంటనే బోర్డు తిప్పి అడుగున అదే చోట చూడండి. రెండువైపులా పగులు ఉంటే లోపల స్ట్రింగర్ (బోర్డు నడుమ పొడవునా ఉండే సన్నటి పట్టీ) కూడా విరిగి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

తర్వాత వేళ్లు. డెక్ మీద, ముఖ్యంగా ముందుపాదం, వెనకపాదం ఆనేచోట బొటనవేలితో గట్టిగా నొక్కుతూ వెళ్లండి. గట్టిగా ఉండాలి. కిందికి దిగి మళ్లీ పైకి లేస్తే పెంకు ఫోమ్‌ని వదిలేసినట్టు. మేం దాన్ని డెలామ్ అంటాం. చెవికి కూడా తెలుస్తుంది: కుండ కొనేముందు తట్టి చూసినట్టు వేలి కణుపుతో డెక్ పొడవునా తడుతూ వెళ్లండి. బాగున్నచోట ఖణీమని ఒకే శబ్దం వస్తుంది. పెంకు లేచినచోట శబ్దం బోలుగా, మొద్దుగా మారుతుంది. ఆ మార్పు మొదటిసారి విన్నవాళ్లకి కూడా తెలిసిపోతుంది.

పడమటిగాలి
పైన గ్లాసుపని గారు చెప్పింది మొత్తం ఒప్పుకుంటాను. ఒక్కటి కలుపుతాను. పగులా, గీతా అన్నది కంటికి తేడా తెలియనప్పుడు గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే పగులు. ఇంకా అనుమానంగా ఉంటే తడిగుడ్డతో తుడిచి ఆగండి. పైభాగం ఆరిపోయాక కూడా సన్నటి తడిగీత మిగిలితే ఆ గీత లోపలికి వెళ్లింది.

ముక్కు దగ్గరి మరమ్మతుకి పెద్దగా బెంగపడకండి. ముక్కూ తోకా తగలని బోర్డంటూ ఉండదు. అది గుడ్డ వేసి చేసిన మరమ్మతా, రెజిన్ ముద్ద పెట్టి వదిలేసిందా అని మాత్రం చూడండి. గుడ్డ వేసి గరుకు కాగితంతో రుద్దినచోట వేలు లాగితే అంచు తగలదు. రెజిన్ ముద్ద గడ్డకట్టినట్టు ఎత్తుగా ఉంటుంది, దాని అంచుల వెంట మళ్లీ పగుళ్లొస్తాయి. టేపో, సిలికానో, జిగురో కనిపిస్తే లోపల నీళ్లున్నాయనే అనుకుని చూడటం మొదలుపెట్టండి.

ఫోమ్‌పిచ్చి
ఆ బోర్డు ఏ ఫోమ్‌తో చేసిందో ఎవరూ అడగలేదు. తక్కిన ప్రశ్నలన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

మార్కెట్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పాలీయురెథేన్ ఫోమ్ మీద పాలియెస్టర్ రెజిన్, దీన్ని పీయూ అంటారు. రెండోది ఈపీఎస్, అంటే విస్తరించిన పాలిస్టైరీన్ పూసల ఫోమ్ మీద ఎపాక్సీ రెజిన్. పీయూ ఫోమ్ సన్నటి పొడిలాంటి నిర్మాణం, వయసుతో పసుపెక్కుతుంది. ఈపీఎస్ లోపల తెల్లగానే ఉంటుంది, దెబ్బ తగిలినచోట చిన్నచిన్న గుండ్రటి పూసలు కనిపిస్తాయి. ఎత్తి చూస్తే అదే కొలతకి ఈపీఎస్ తేలిక. పసుపెక్కింది అన్నారు కాబట్టి మీది పీయూ అయ్యుండాలి. ఎపాక్సీ కూడా ఎండకి కొంత పసుపు తిరుగుతుంది కనుక రంగొక్కటే చూసి తేల్చేయకండి, తోకవైపు చిన్న దెబ్బ ఏదైనా ఉంటే దాని లోపలికి తొంగిచూడండి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది. అది పాలిస్టైరీన్ ఫోమ్‌ని కరిగించేస్తుంది. తెలియక ఈపీఎస్ బోర్డు మీద పాలియెస్టర్ పోసి మరమ్మతు చేస్తే పైన చక్కగా మెరుస్తుంది, లోపల గుంత పడి ఖాళీ అయిపోతుంది. ఈపీఎస్ బోర్డు మీద పాత మరమ్మతు కనిపిస్తే దాని చుట్టూ నొక్కి తీరాలి. ఎపాక్సీతో ఆ బాధ లేదు, అది రెండు రకాల ఫోమ్‌కీ సరిపోతుంది.

చిన్న చరిత్ర కూడా చెబుతాను, వయసు అంచనాకి పనికొస్తుంది. అమెరికాలో బోర్డులకు కావలసిన ఫోమ్‌లో అత్యధిక భాగం ఒకే కంపెనీ, క్లార్క్ ఫోమ్, తయారుచేసేది. 2005 డిసెంబర్ 5న అది ఉన్నట్టుండి మూతపడింది. ఆ దెబ్బతో షేపర్లు (బోర్డులు చెక్కేవాళ్లు) ఈపీఎస్, ఎపాక్సీ వైపు మునుపటికంటే ఎక్కువగా చూశారు. అంతకుముందు కూడా ఎపాక్సీ బోర్డులున్నాయి, కానీ చాలా పాత బోర్డంటే పీయూ అయ్యే అవకాశమే ఎక్కువ.

చిన్నఅల
ఫోమ్ గురించి, పగుళ్ల గురించి అందరూ చెప్పారు, నేను అసలు ఈ బోర్డు మీకు సరిపోతుందా అని అడుగుతాను. 47 లీటర్లు, మీరు 68 కిలోలు. నేర్చుకుంటున్న దశలో లీటర్ల సంఖ్య మన బరువు కిలోల సంఖ్యకి దగ్గరగానో ఎక్కువగానో ఉంటే అలలు సులువుగా అందుతాయి. ఆరితేరినవాళ్లు బరువులో సగానికంటే తక్కువ లీటర్లతో కూడా నడిపిస్తారు, వాళ్లతో పోల్చుకోవద్దు. 47 అంటే మీరు చేతులతో తెడ్డేయడానికి ఇప్పటికంటే బాగా కష్టపడాలి. ఏడున్నర నుంచి ఎనిమిది అడుగుల మధ్య, వెడల్పు 22 దాటిన బోర్డు దొరికితే మీకు ఎక్కువ అలలు దక్కుతాయి. ఎంత మంచి స్థితిలో ఉన్నా మనకి పెద్దదో చిన్నదో అయిన బోర్డు మూలన పడుతుంది.

ఫిన్ల సంగతి కూడా చూసుకోండి. వాటితోపాటు ఇస్తున్నారా? బాక్సులు ఏ కంపెనీ రకం, ఎఫ్‌సీఎస్సా, ఫ్యూచర్సా? పాత ఎఫ్‌సీఎస్ అయితే ఒక్కో ఫిన్‌కి రెండు చిన్న గుంతలుంటాయి. ఫ్యూచర్స్ అయితే ఒకే పొడవాటి గాడి. ఒకదాని ఫిన్ ఇంకోదానిలోకి దూరదు. ఎఫ్‌సీఎస్ రెండో తరం బాక్సులో స్క్రూ లేకుండానే ఫిన్ బిగుస్తుంది, చిన్న ముక్కలు అదనంగా పెడితే పాత ఎఫ్‌సీఎస్ ఫిన్లు కూడా పడతాయి. ఫిన్లు లేకుండా అమ్ముతుంటే వాటి ఖర్చు ధరలోంచి తీసేసి ఆలోచించండి.

తొలికెరటం
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. చిన్నఅల గారూ, సైజు గురించి నేను అసలు ఆలోచించలేదు, 7 అడుగులు దాటితే చాలనుకున్నాను. ఇంత దూరం వచ్చాను కాబట్టి ఇది చూసైతే వస్తాను.

ఒక సందేహం. వ్యాక్స్ తీయమని అడిగితే ఆయనకి కోపం రాదా? "మీరు నమ్మట్లేదా" అంటే ఏమనాలి?

ఉప్పునీళ్లు
అడగడం తప్పేం కాదు. నిజంగా అమ్మాలనుకున్నవాళ్లు తీసే పెడతారు. "నేనే వచ్చి తీస్తానండి, పది నిమిషాల పని" అనండి. బోర్డుని కొద్దిసేపు ఎండలో పెడితే వ్యాక్స్ మెత్తబడుతుంది, ప్లాస్టిక్ దువ్వెన వెనకభాగంతో గీకితే ఊడొస్తుంది. లోహం వాడకండి, గీతలు పడతాయి. అప్పటికీ వద్దంటే అక్కడితో ఆపేయండి. వ్యాక్స్ కింద ఏముందో చూడనివ్వని బోర్డు నేను కొనను.

తోకవైపు ట్రాక్షన్ ప్యాడ్ (వెనకపాదం జారకుండా డెక్‌కి అంటించే గరుకు పట్టీ) ఉందా? ఉంటే దాని అంచుల వెంట కూడా నొక్కండి. డెలామ్ దాగే రెండో చోటు అదే.

గ్లాసుపని
ఉప్పునీళ్లు చెప్పినదానికి తోడు, ఫిన్ బాక్సుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. నా అనుభవంలో కొనేవాళ్లు ముక్కూ రైళ్లూ చూసి తృప్తిపడిపోతారు, నీళ్లు మాత్రం ఎక్కువగా ఫిన్ బాక్సుల నుంచే దూరతాయి. ఫిన్ బిగించి, దాని మొన పట్టుకుని మెల్లగా పక్కలకి ఊపండి. ఫిన్ వంగొచ్చు. బాక్స్ కదలకూడదు. కదిలినా, బాక్స్ చుట్టూ వెంట్రుకలాంటి పగులు ఉన్నా, అది మరమ్మతుకి వెళ్లాల్సిన బోర్డు. స్క్రూలు తిరుగుతున్నాయో లేదో కూడా కీతో తిప్పి చూడండి, తుప్పుపట్టి బిగుసుకుపోతే తీయడానికి బాక్సే తవ్వాల్సి రావచ్చు.

లీష్ ప్లగ్ దగ్గర రెండు చూడాలి. ప్లగ్ చుట్టూ పగుళ్లు ఒకటి. లీష్ తాడు తోక అంచుని కోసిన గాటు రెండోది. తాడు రైల్‌ని కోయకుండా లీష్ చివర ఉండే రైల్ సేవర్ పట్టీ సరిగా లేకుండా వాడినా, ప్లగ్‌లో కట్టిన దారం మరీ పొడుగ్గా ఉన్నా, పడినప్పుడల్లా తాడు రైల్‌లోకి దిగుతుంది. ఆ గాటు చూడ్డానికి చిన్నగా ఉంటుంది కానీ గుడ్డ దాకా కోసుకుపోతుంది. పాత లీష్ ఇస్తామంటే తీసుకోండి కానీ దాని మీద ఆధారపడకండి. సాగిపోయినా, గాట్లున్నా, వెల్క్రో పట్టు తగ్గినా కొత్తది కొనుక్కోవాలి. అది తెగితే బోర్డు ఒడ్డుకి, మీరు నడిసముద్రంలో.

సముద్రజీవి
పగులు దగ్గర నోరు పెట్టి పీల్చి చూడమని మా సీనియర్లు నేర్పారు. ఉప్పు రుచి తగిలితే లోపల నీళ్లున్నట్టే. చాలా నమ్మకమైన పరీక్ష.

గ్లాసుపని
పనిచేస్తుంది, నేనూ చూశాను. కానీ ఆ పగుల్లో ఏం చేరిందో మనకి తెలియదు, రెజిన్ ముక్కలు కూడా నోట్లోకి రావచ్చు. దానికి బదులు టిష్యూ కాగితం పగులు మీద పెట్టి, పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి వదులుతూ ఉండండి. తడి ఉంటే కాగితం చెబుతుంది. ఇంకో దారి, సబ్బునీళ్లు అనుమానమున్నచోట రాసి బోర్డుని ఎండ తగిలేలా పెట్టడం. లోపలి గాలి వేడెక్కి పగులు గుండా వస్తే బుడగలు లేస్తాయి. ఈపీఎస్ బోర్డుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, పూసల మధ్య గాలి ఎక్కువ కాబట్టి.

బోర్డు చివరిసారి నీళ్లలోకి ఎప్పుడు వెళ్లిందో కూడా అడగండి. నెలలుగా గోడకానించి ఉన్నదైతే తడి ఆరిపోయి ఉంటుంది, అప్పుడు కాగితం ఏమీ చెప్పదు. మరక, బరువు, మెత్తదనం మీదే ఆధారపడాలి.

పడమటిగాలి
ఒక్క విషయంలో అందరితో విభేదిస్తాను. నడుమ విరిగి సరిగ్గా అతికించిన బోర్డు పనికిరాదన్నట్టు మాట్లాడుతున్నారు. నేర్చుకునేవాళ్లకి అది అంత చెడ్డ బేరం కాదు. నాకు తెలిసినవాళ్లు అలాంటి బోర్డుల మీదే ఏళ్లతరబడి ఆడారు. నిజం చెప్పి, దానికి తగ్గట్టు ధర తగ్గించి ఇస్తే తీసుకోవచ్చు.

గ్లాసుపని
నిజం చెప్పి ఇస్తే, అవును. అక్కడిదాకా నేనూ మీతోనే. స్ట్రింగర్ కలిపి, రెండువైపులా వెడల్పుగా గుడ్డ వేసి అతికిస్తే బోర్డు తేలుతుంది, అలలూ పడుతుంది. అయితే ఆ చోట బరువు పెరుగుతుంది, వంగే గుణం పోతుంది. గట్టిపడ్డ ఆ పట్టీకి అటూ ఇటూ ఉన్న పాత పెంకు మీద ఒత్తిడంతా పడుతుంది. రెండోసారి విరిగేది తరచుగా మొదటి అతుకు అంచునే. చిన్న అలల్లో ఇదేం పెద్ద సమస్య కాకపోవచ్చు.

ఇక్కడ నన్ను కలవరపెట్టేది అతుకు కాదు, దాని మీద పెయింట్ వేసి అందం కోసమని చెప్పడం. మరమ్మతుని దాచినవాళ్లు ఆ మరమ్మతు ఎవరు చేశారో, లోపల ఆరబెట్టారో లేదో చెప్పరు. తడి ఫోమ్ మీద రెజిన్ పోస్తే అది అంటుకోదు, కొన్ని నెలల్లో లేచిపోతుంది. అది అందం కోసమే అయ్యుండొచ్చు కూడా. ఆయన్ని అనుమానించి వెళ్లకండి, బోర్డు చూసి తేల్చుకోండి.

మడతమంచం
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను మెత్తటి డెక్ ఉన్న ఫోమ్‌బోర్డు సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నాను. ఇవే పరీక్షలా?

చిన్నఅల
కొన్ని వేరు. తట్టి చూడటం అక్కడ పనిచేయదు. అడుగున ఉండే నున్నటి ప్లాస్టిక్ షీటు బుడగల్లా లేచిందా, అంచుల దగ్గర విడిపోయిందా చూడండి. రైల్ వెంట గట్టిగా పిండండి, నీళ్లు కారితే వదిలేయండి. ఫిన్లు డెక్ పైనుంచి బోల్టులతో బిగించి ఉంటే ఆ రంధ్రాల చుట్టూ మెత్తబడిందా చూడండి. పక్కనుంచి చూసినప్పుడు బోర్డు మధ్యలో కుంగిపోయి అరటిపండులా వంగిందంటే లోపలి స్ట్రింగర్ విరిగింది. ఫోమ్‌బోర్డు నీళ్లు తాగితే ఆరబెట్టడం చాలా కష్టం, అందుకే వీటి దగ్గర ఇంకా కచ్చితంగా ఉండండి.

తొలికెరటం
వెళ్లొచ్చాను. అమ్మే ఆయన మర్యాదగానే మాట్లాడారు, వ్యాక్స్ తీయడానికి ఒప్పుకున్నారు. తీశాక డెక్ మీద పాదాల సొట్టలు కనిపించాయి, నొక్కితే గట్టిగానే ఉన్నాయి. తట్టి చూస్తే పట్టీ దాకా ఒకే శబ్దం. పట్టీ మీదకి రాగానే మొద్దుగా మారింది. ముక్కు వైపు నుంచి కన్ను ఆనించి చూస్తే వెలుగు గీత సరిగ్గా అక్కడే విరిగింది. అడుగువైపు తిప్పితే పట్టీ అంచు దాటి ఒక పగులు రైల్ మీదకి వచ్చి ఉంది, గోరు తట్టుకుంది. స్ట్రింగర్ గీత కూడా ఆ చోట ఒక నూలువాసి పక్కకి జరిగి ఉంది.

అడిగితే, ఆయన కూడా సెకండ్‌హ్యాండ్‌లోనే కొన్నారట, పట్టీ అప్పటికే ఉందట. "డిజైన్ అని నాకూ అలాగే చెప్పారు" అన్నారు. ఆయన మాట నమ్మాను. బోర్డు మాత్రం తీసుకోలేదు.

ఈలోగా ఇంకొకటి చూశాను. 7 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 22 దాటింది, 62 లీటర్లు. తేలిగ్గా ఉంది, ఎపాక్సీ. డెక్ గట్టిగా ఉంది, శబ్దం అంతటా ఒకటే, వెలుగు గీత ఎక్కడా విరగలేదు. ఒక పక్క ఫిన్ బాక్స్ చుట్టూ సన్నటి పగులు ఉంది, బాక్స్ మాత్రం కదలట్లేదు. టిష్యూ పెట్టి నొక్కితే కాస్త తడి అంటింది. ఆ సంగతి ఆయనే ముందుగా చెప్పారు, దానికి ధర తగ్గిస్తానన్నారు. తీసుకోవచ్చా?

ఫోమ్‌పిచ్చి
డెక్ మీద ఎక్కడైనా చిన్న స్క్రూ ఉన్న గుండ్రటి బిళ్ల ఉందా చూశారా? కొన్ని ఈపీఎస్ బోర్డులకి గాలి పోవడానికి వెంట్ పెడతారు. వేడికి లోపలి గాలి వ్యాకోచించి పెంకుని లేపకుండా అది కాపాడుతుంది. ఉంటే దాని చుట్టూ కూడా పగుళ్లు చూడండి. నీళ్లలోకి దిగేముందు బిగించే రకమైతే బిగించడం మరవకూడదు. అలాగే ఆయన బోర్డు ఎక్కడ ఉంచేవారో అడగండి. ఎండలో తలుపులు మూసిన కారులో వదిలేసిన ఈపీఎస్ బోర్డుకి డెక్ ఉబ్బడం చాలా మామూలు.

గ్లాసుపని
నేనైతే తీసుకుంటాను, మూడు షరతులతో. తోకవైపు ఎత్తి చూస్తే బరువు అనిపించకూడదు. పగులు చుట్టూ మరక బాక్స్‌ని దాటి పెద్దగా వ్యాపించి ఉండకూడదు. మరమ్మతు అయ్యేదాకా మీరు నీళ్లలోకి తీసుకెళ్లకూడదు. మూడోది చాలామందికి కష్టం.

కొన్నాక ముందు ఆ ఫిన్ తీసేసి పగులు మీద మంచినీళ్లు పోసి కడగండి, ఉప్పు చెమ్మని పట్టి ఉంచుతుంది. తర్వాత పగులు కిందికి ఉండేలా బోర్డుని నిలబెట్టి గాలి ఆడే నీడలో ఆరనివ్వండి. త్వరగా ఆరుతుందని ఎండలో పెట్టొద్దు. ఈపీఎస్ కాబట్టి తొందరపడకుండా రోజుల తరబడి ఆగాలి, టిష్యూ పొడిగా వచ్చాక కూడా ఇంకొన్ని రోజులు. మరమ్మతు చేసేవాళ్లకి బోర్డు ఇచ్చేటప్పుడు అది ఈపీఎస్ అని నోటితో చెప్పండి, ఎపాక్సీతోనే చేయమనండి. బాక్స్ కదలట్లేదు కాబట్టి చుట్టూ ఉన్న పాత రెజిన్ రుద్ది గుడ్డ వేస్తే సరిపోవచ్చు, బాక్స్ మార్చాల్సిన అవసరం పడకపోవచ్చు. తవ్వి చూశాక గానీ ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

చిన్నఅల
62 లీటర్లు మీకు చక్కగా సరిపోతుంది. ఫిన్లు ఇస్తున్నారా?

తొలికెరటం
ఇస్తున్నారు, మూడూ ఉన్నాయి, కీ కూడా. తోక బరువుగా లేదు, మరక బాక్స్ చుట్టూ వేలెడంత మేరే ఉంది. వెంట్ ఉంది, దాని చుట్టూ పగుళ్లేమీ లేవు. బోర్డు ఇంట్లో గోడకి తగిలించి ఉంచేవారట. రేపు వెళ్లి తెచ్చుకుంటున్నాను. ఆరేదాకా అద్దె బోర్డే.